పక్కతలుపు వైరు

మిచిల్ వెళ్లి సరిగ్గా తన తండ్రి నిలబడ్డ చోటే నిలబడ్డాడు. వెనక వేడినీళ్ల గొట్టాల చుట్టూ కట్టిన చెక్కల గూడు. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో వ్యాన్ ముక్కు. రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చుకుని, "నొక్కు మేస్త్రమ్మా," అన్నాడు. "నువ్వు బిగించిందే కదా. నమ్మకముంటే నొక్కు."

రిమోట్ నారియా చేతిలో ఉంది. పదిహేనేళ్లుగా యాకుత్స్క్ నగరంలో కార్లకు అలారాలూ, ఇంట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసుకునే పెట్టెలూ బిగించి బతుకుతున్న మనిషి ఆమె. అలాంటి బొత్తాం ఎన్ని వేలసార్లు నొక్కి ఉంటుందో ఆమెకే తెలియదు. ఇప్పుడు మాత్రం బొటనవేలు బొత్తాం మీద ఆనిందే గానీ కిందికి దిగలేదు.

"ముందు అక్కణ్ణించి పక్కకి రా, మిచిల్."

"ఎందుకూ? న్యూట్రల్లో ఉందిగా. మా బావ నీ కళ్లముందేగా పెట్టాడు."

"ఉంది."

"మరింకేం?"

"బండి ముందు మనిషుంటే నేను నొక్కను. ఎవరి బండైనా అంతే."

"ఈ మాట నిన్న మా నాన్నకి చెప్పేవాళ్లు లేకపోయారు," అన్నాడు మిచిల్. అతని ఊపిరి తెల్లగా ఎగిసి కనుబొమల మీద మంచై పేరుకుంటోంది. పట్టపగలు పన్నెండైనా పెరటి అవతలి మేడ కనపడనంత పొగమంచు. చలి మైనస్ నలభై ఏడు.

పక్కన నిలబడ్డ అఫనాసీ బావమరిది చెయ్యి పట్టుకుని ఇవతలకి లాగాడు. వ్యాన్ అతనిదే. గుండ్రటి మూలలున్న ఆ పాత రకం వ్యాన్‌ని ఆ దేశంలో అందరూ 'రొట్టె' అనే పిలుస్తారు. చలికాలం నది గడ్డకట్టాక దాని మీదుగా అవతలి ఊళ్లకు మనుషుల్నీ సామాన్లనీ చేరవేయడం అఫనాసీ బతుకుతెరువు. రాత్రిళ్లు బండి పెరట్లోనే ఉంటుంది. ఇంజన్ బాగా చల్లబడగానే నారియా బిగించిన పెట్టె తనంతట తానే దాన్ని స్టార్ట్ చేసి, కాసేపు వేడెక్కనిచ్చి ఆపేస్తుంది. లేకపోతే తెల్లారేసరికి ఇంజన్ బండరాయే.

నిన్న ఉదయం తొమ్మిదింటికి కూడా పెట్టె అలాగే స్టార్ట్ చేసింది. కానీ బండి నిలిచినచోట నిలవలేదు. ఒక్క ఊపున ముందుకు దూకింది. ఊరి నుంచి కూతురింటికి వచ్చిన మిచిల్ తండ్రి గవ్రీల్ ముసలాయన అప్పుడే దాని ముందు వంగి, ముందు జాలీకి చలి తగలకుండా కప్పిన బొంత జారిపోతుంటే సర్దుతున్నాడు. బంపరుకీ చెక్కగూడుకీ మధ్య ఆయన ఎడమకాలు రెండుచోట్ల విరిగింది.

బండి గేర్లో ఉందన్నమాట. ఎలా వచ్చింది గేర్లోకి? అందరి ముందూ ఉన్న ప్రశ్న అదే.

"నేను న్యూట్రల్లోనే పెట్టానక్కా," అన్నాడు అఫనాసీ నిన్నటి నుంచి అదే మాట. "నువ్వు చెప్పినట్టే చేశాను. న్యూట్రల్, తాళంచెవి తీశాను, ఇంజన్ తిరుగుతూనే ఉంది, దిగాను, తలుపేశాను, రిమోట్ నొక్కితే అప్పుడు ఆగింది. గేర్లో ఉంటే అలా తిరుగుతుందా?"

తిరగదు. ఆ తతంగమంతా అందుకే. క్లచ్ మీద కాలు లేకుండా ఇంజన్ తిరుగుతోందంటే గేరు న్యూట్రల్లో ఉన్నట్టేనని పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఏ తలుపు తెరిచినా ఆ గుర్తు చెరిగిపోవాలి. ఎవరో లోపలికొచ్చారు, గేరు కదిపారేమో అనుకుని ఇక స్టార్ట్ చేయకూడదు. పైగా సైరన్ మోత మోగాలి.

"సైరన్ మోగలేదు," అన్నాడు అఫనాసీ. "అంటే ఎవరూ తలుపు తియ్యలేదు."

"అంటే నువ్వు అబద్ధమాడుతున్నావు, లేకపోతే ఈవిడ పెట్టెకి పిచ్చెక్కింది," అన్నాడు మిచిల్. "మూడింటికి ఇన్‌స్పెక్టరొస్తాడు. ఇద్దర్లో ఎవరో అప్పటికి తేల్చుకోండి."

నారియా రిమోట్‌ని చేతితొడుగులోకి జార్చుకుంది. "నన్ను పని చేసుకోనీ. మీరిద్దరూ లోపలికి పోయి ఒళ్లు కాచుకోండి. చూపులతో వైర్లు కలవవు."

వాళ్లు కదిలాక ఆమె డ్రైవరు సీటు కింద మోకాళ్ల మీద కూర్చుని, అలారం పెట్టె నుంచి స్టార్టర్‌కి పోయే వైరు విప్పింది. దాని కొసకి టెస్టు బల్బు తగిలించి, అద్దం దగ్గర బయటికి కనపడేలా వేలాడదీసింది. ఇక తాళంతో ఇంజన్ మామూలుగా స్టార్ట్ అవుతుంది గానీ, రిమోట్‌తో నొక్కితే స్టార్టర్ తిరగదు, బల్బు వెలుగుతుంది. బల్బు వెలిగిందంటే ఇంజన్ తిప్పమని పెట్టె హుకుం ఇచ్చినట్టే లెక్క. బండి దూకదు, నిజం మాత్రం బయటపడుతుంది.

తొడుగులు తీసి పని చేస్తే వేళ్లు నిమిషం పలుకుతాయి, తర్వాత మొద్దుబారతాయి. ఇనుము తగిలితే చర్మం అంటుకుపోతుంది. టేపు ఆమె చంకలో ఉంది, అక్కడ లేకపోతే అతుక్కోదు. వైరు మీది తొడుగు ఎండుపుల్లలా ఉంది. గట్టిగా వంచితే పుటుక్కున విరుగుతుంది.

మొదటి పరీక్ష. తాళంతో స్టార్ట్ చేసి, తతంగమంతా నడిపి, రిమోట్‌తో ఆపింది. డ్రైవరు తలుపు తీసింది. సైరన్ కెవ్వుమంది. దాని నోరు నొక్కి, తలుపేసి, స్టార్ట్ బొత్తాం నొక్కింది. బల్బు వెలగలేదు. మంచిది.

రెండోది, ముందు రెండో తలుపు. సైరన్. బల్బు వెలగలేదు.

వెనకవైపు జంట తలుపులు. సైరన్. బల్బు వెలగలేదు.

తన పని శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది పక్కతలుపు, ప్రయాణికులెక్కేది. దానికి అలారం తాళం లేదు, చేత్తో తిప్పే పాత తాళమే. తాళంచెవి ఇంట్లో మేకుకి వేలాడుతుంటే ఇందాకే తెచ్చుకుంది.

తతంగం నాలుగోసారి నడిపి పక్కతలుపు లాగింది.

సైరన్ మోగలేదు.

తలుపు మళ్లీ వేసి, మళ్లీ లాగింది. పెరడంతా నిశ్శబ్దం. దూరంగా గొట్టాల్లో ఆవిరి బుసకొడుతోంది. ఆమె తలుపు మూసి, అద్దం ఎదురుగా నిలబడి, బల్బు వైపు చూస్తూ స్టార్ట్ బొత్తాం నొక్కింది.

బల్బు వెలిగింది.

మంచు పట్టిన అద్దం వెనక పచ్చగా, స్థిరంగా వెలిగింది. నారియా దాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇంటివైపు ఒకసారి చూసి, గబగబా బండెక్కి, కాలిబోర్డు పక్క రేకు విప్పింది. వైరు తెగిపోయి ఉండాలి. మంచుదారి గతుకులకి ఒరుసుకుని తెగి ఉండాలి. అలా తెగి ఉంటే బాగుండునని ఆమె ఆ అర నిమిషం ఏ దేవతకో మొక్కుకుంది కూడా.

వైరు తెగలేదు. రేకు వెనక చక్కగా చుట్టగా చుట్టి, తన టేపుతో కట్టి, పడుకున్న పురుగులా ఉంది. నీలిరంగు వైరు. కొస పెట్టెకి కలపనే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. అక్టోబరు. నదిలో మంచుపలకలు దిగుతున్నాయి, బండ్లని నది దాటించే ఆఖరి పంటు మధ్యాహ్నం వెళ్లిపోతుంది. అఫనాసీ ఆమె గ్యారేజీలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఆ తలుపు నేను తియ్యనే తియ్యనక్కా, దానికడ్డంగా సామానే ఉంటుంది, ఇప్పటికి వదిలెయ్," అన్నాడు. ఆమె వైరు లాగి, చుట్టి, సోమవారం రా కలుపుతానంది. అతను పంటు ఎక్కి వెళ్లిపోయాడు. సోమవారం రాలేదు. ఆమె పిలవలేదు. ఆ తర్వాత నది గడ్డకట్టింది, చలి ముదిరింది, గ్యారేజీ ముందు కార్లు బారులు తీరాయి. నీలివైరు మనసులోంచి జారిపోయింది.

నారియా చంకలోంచి టేపు తీసింది. జేబులో చిన్న కలుపుడు క్లిప్పు ఉంది. కొస కాస్త గీకి, క్లిప్పులో పెట్టి, కటింగ్ ప్లేయరుతో ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి ఏ తలుపు తెరిచినా సైరన్ మోగుతుంది. ఈ ఊళ్లో మగవాళ్లు ఆడమనిషి చేతికి కారు తాళాలిచ్చేలా చేసుకోడానికి ఆమెకి పదేళ్లు పట్టింది. ఆ పేరు పోవడానికి ఈ మధ్యాహ్నం చాలు.

ఆమె కొస గీకింది. రాగి తళుక్కుమంది. దాన్ని క్లిప్పులోకి దూర్చింది.

"దొరికిందా అక్కా?"

తలుపు దగ్గర అకులీనా. అఫనాసీ భార్య, గవ్రీల్ కూతురు. ఒక చేతిలో పాలు పోసిన టీ గ్లాసు, ఆవిరి కక్కుతూ. నారియా చెయ్యి ఎక్కడిదక్కడే ఆగింది.

"అక్కడ పెట్టమ్మా, తాగుతాను."

అకులీనా పెట్టలేదు. నీలివైరు వైపే చూస్తోంది. "అది ఏ తలుపుది?"

అబద్ధం చెప్పడానికి సమయం ఉంది. ఎందుకో నోరు తిరగలేదు. "పక్కతలుపుది," అంది నారియా.

"ఆ తలుపు తీస్తే కూడా అరవాలా అది?"

"అరవాలి. ఆ తర్వాత ఇంజన్ తనంతట తాను స్టార్ట్ కాకూడదు."

"అరవలేదు," అంది అకులీనా.

మాట పెదవి దాటాక గానీ తానేమందో ఆమెకి తెలియలేదు. గ్లాసులో టీ తొణికి తొడుగు మీద పడి, అక్కడే గడ్డకట్టింది.

నారియా నెమ్మదిగా అడిగింది. "ఎప్పుడు తీశావమ్మా?"

"నిన్న పొద్దున, ఇది దూకడానికి కాసేపు ముందు. నాన్న తెచ్చిన చేపల సంచి ఇందులోనే ఉండిపోయింది. తాళంచెవి తీసుకుని నేనే వచ్చాను. సంచి తీశాక ఈయన ఫ్లాస్కు ముందు అద్దం దగ్గర కనపడింది. సీట్ల మధ్యలోంచి వంగి అందుకున్నాను." ఆమె గొంతు తగ్గించింది. "నడుముకి కడ్డీ ఏదో తగిలింది. బలంగా ఆనుకున్నానేమో, కదిలింది. నాకు బండి నడపడం రాదక్కా. అదేంటో నాకేం తెలుసు?"

"అఫనాసీకి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? మా నాన్న కాలు నేనే విరగ్గొట్టానని చెప్పనా? రాత్రంతా ఆయన మంచం మీద లేచి కూర్చుని, 'న్యూట్రల్లోనే పెట్టాను, న్యూట్రల్లోనే పెట్టాను' అంటూనే ఉన్నారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను."

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అకులీనా కళ్లు క్లిప్పు మీదకి దిగాయి. ఆమె తెలివైన మనిషి. ఏం జరుగుతోందో అర్థమైపోయింది.

"కలిపెయ్యక్కా," అంది గుసగుసగా. "నువ్వు కలిపెయ్. నేను నోరు తెరవను. నువ్వూ తెరవకు."

"అప్పుడు ఎవరి మీదకి పోతుంది?"

జవాబు ఇద్దరికీ తెలుసు. పెట్టె మంచిదే, తలుపులన్నీ మంచివే, ఎవరూ లోపలికి రాలేదు. ఇక మిగిలింది గేర్లో వదిలేసిన డ్రైవరు. లైసెన్సు లాగేసుకుంటారు. నది మీద మంచు ఏప్రిల్ దాకానే ఉంటుంది. ఆ నాలుగు నెలల పరుగే వాళ్లకి ఏడాది తిండి.

ఇంటి తలుపు కిర్రుమంది. మంచు మీద బూట్ల చప్పుడు, రెండు జతలు. పొగమంచులో మనుషులు కనపడటం లేదు, చప్పుడే దగ్గరవుతోంది. నారియా చేతిలో ప్లేయరు క్లిప్పు మీదే ఉంది. ఒక్క నొక్కు.

నారియా వేళ్లకి అప్పటికే స్పర్శ లేదు. ప్లేయరు వదిలేసి, రెండు చేతులూ కోటులోకి, చొక్కాలోకి, ఒంటి మీదకి దూర్చుకుంది. చల్లటి వేళ్లు కడుపుకి తగిలి ఒళ్లు జలదరించింది.

"మిచిల్, ఇటు రా," అంది. "నువ్వూ రా, అఫనాసీ. ఇది చూడండి."

నీలి కొస చూపించింది. దాచకుండా, సాగదీయకుండా చెప్పింది. ఈ తలుపుకి వైరు లాగాను, కలపలేదు. ఈ తలుపు తెరిచినా పెట్టెకి తెలియదు. అందుకే సైరన్ మోగలేదు, అందుకే ఇంజన్ తిరిగింది. తప్పు నాది.

"తొందరపెట్టింది నేనేగా," అన్నాడు అఫనాసీ వెంటనే. అతనికీ అక్టోబరు గుర్తొచ్చింది. "పంటు పోతుందని..."

"తొందర నీది. చెయ్యి నాది. కలపని బండిని గ్యారేజీ దాటనివ్వకూడదు."

మిచిల్ ముందుకొచ్చాడు. వంగి, తొడుగు తీసి, రాగి కొసని ఉత్త వేళ్లతో పట్టుకుని చూశాడు. ఎంత చిన్నదో చూస్తున్నట్టుంది. తర్వాత నేల మీద ఉన్న ప్లేయరు తీసుకున్నాడు. అది పిడికిట్లో బిగిసింది. నారియా కదల్లేదు. విసురుతాడేమో, కొడతాడేమో అనుకుంది. కొట్టినా కాదనడానికి తన దగ్గర మాట లేదనీ అనుకుంది.

"మా నాన్నకి డెబ్బై ఒకటి," అన్నాడు. "ఇప్పటికీ మంచుకి కన్నం వేసి వల దించుతాడు. ఇంక దించుతాడా? చెప్పు. నీకు మతిమరుపు, ఆయనకి కర్ర."

"మిచిల్," అంది అకులీనా.

"నువ్వుండక్కా."

"ఆ కడ్డీ తోసింది నేను."

అతను తిరిగి చూశాడు. ఆమె సంచి సంగతీ, ఫ్లాస్కు సంగతీ మళ్లీ చెప్పింది. ఈసారి ఏడుస్తూ చెప్పింది. కన్నీళ్లు రెప్పల దగ్గరే మంచు కడుతుంటే తొడుగుతో రుద్దుకుంటూ చెప్పింది. మిచిల్ చేతిలో ప్లేయరు మెల్లగా కిందికి దిగింది. కానీ నారియా చూస్తున్నది అతన్ని కాదు, అఫనాసీని. అతను బండి మెట్టు మీద కూలబడ్డాడు. బండి దూకినప్పుడు కూడా ఆ మొహం అలా మాడిపోయి ఉండదు.

"రాత్రంతా నా పక్కనే ఉన్నావు," అన్నాడు భార్యతో.

ఇన్‌స్పెక్టరు మూడింటికి కాక రెండున్నరకే వచ్చాడు. కుర్రవాడు, నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి. కారు దిగకుండానే అద్దం కొద్దిగా దించి, ముందు ఆసుపత్రికి వెళ్లొచ్చానన్నాడు.

"పెద్దాయన రాసిచ్చాడు. బండెక్కి గేరు కదిపింది తానేనట. ఎవరి మీదా ఫిర్యాదు లేదట."

"అది అబద్ధం," అన్నాడు మిచిల్.

"ఇందాక ఫోన్లో నువ్వే బావ పని అన్నావు. ఇప్పుడు మీ నాన్న అబద్ధం అంటున్నావు. ఎవరి మాట రాయమంటావు?"

మిచిల్ అక్క వైపు చూశాడు, తర్వాత నేల వైపు. ముసలాయన ఎవర్ని కాయడానికి ఆ కాగితం రాశాడో అక్కడున్న నలుగురికీ తెలిసిపోయింది. అకులీనా మొహం చేతుల్లో దాచుకుంది.

నారియా కారు అద్దం దగ్గరికి నడిచింది. "నాదీ ఒకటి రాసుకోండి. కదిపింది ఎవరైనా, కదిలాక స్టార్ట్ కాకూడని బండి స్టార్టయింది. ఆ వైరు కలపనిది నేను."

"ఫిర్యాదే లేదంటుంటే మీకెందుకమ్మా ఈ గోల?"

"కాగితం ఇవ్వండి."

అతను విసుక్కుంటూ ఇచ్చాడు. పెన్నులో సిరా గడ్డకట్టింది, పెన్సిలుతో రాసింది. అక్షరాలు వంకరపోయాయి గానీ అర్థమవుతాయి. అతను మడిచి జేబులో పెట్టుకుని, విచారణకి పిలిస్తే రావాలి అని చెప్పి వెళ్లిపోయాడు.

వెలుగు అప్పుడే తగ్గుతోంది. వైరు కలిపి పోతానంది నారియా. అకులీనా ఒప్పుకోలేదు.

"మొత్తం పీకెయ్యక్కా. నా ఇంటి ముందు అది తనంతట తాను లేవడానికి వీల్లేదు."

"పీకేస్తే పొద్దున్నే బండెలా కదుల్తుంది?" అన్నాడు అఫనాసీ. గంటసేపటి తర్వాత భార్యతో అతనన్న మొదటి మాట అది.

"నేను లేచి తాళంతో తిప్పుతాను. రాత్రి మూడుసార్లు లేవమంటే మూడుసార్లు లేస్తాను. నాకు నేర్పించు. ఆ కడ్డీ ఏంటో, ఏది న్యూట్రలో నేర్పించు."

అఫనాసీ చాలాసేపు ఆమె వైపు చూశాడు. తర్వాత, "సరే, తీసెయ్యక్కా," అన్నాడు. నారియా స్టార్టర్ వైరు తీసేసి కొస మూసి కట్టింది. అలారం మాత్రం ఉంచి, పక్కతలుపు వైరు కలిపింది. మిచిల్ టార్చి పట్టుకుని నిలబడ్డాడు. పని పూర్తయ్యాక ఐదు తలుపులూ అతనే ఒక్కోటీ తెరిచి, సైరన్ మోగేదాకా ఆగి, మూశాడు.

నాలుగో రోజున నారియా ఆసుపత్రికి వెళ్లింది. ఎర్రపళ్ల రసం సీసా, ఉడకబెట్టిన గుర్రం మాంసం పొట్లం తీసుకెళ్లింది. గవ్రీల్ ముసలాయన కాలు పైకి కట్టించుకుని, కిటికీ వైపు మొహం పెట్టి పడుకున్నాడు. ఆమె పేరు చెప్పగానే తల తిప్పాడు.

"వైరు కలపని మేస్త్రీవి నువ్వేనా?"

"నేనే తాతా."

"పోలీసాయన నీ కాగితం తెచ్చి చూపించాడు. నేనొకటి రాస్తే నువ్వొకటి రాశావేంటి? నా మాట గంగపాలు చేశావు."

"మీరు రాసింది నిజం కాదుగా."

"సంచి తెమ్మన్నది నేనే. ఆ పిల్ల చలిలో వెళ్లనంటే కసిరి పంపాను. అది ఎక్కడ రాసుకోవాలి, దానికో కాగితముందా?" ఆయన కాసేపు కిటికీలోకి చూశాడు. "అల్లుడు నిన్నొచ్చాడు. దానికి గేర్లు నేర్పిస్తున్నాడట. రెండుసార్లు గొట్టాల గూటికి గుద్దిందట."

నవ్వాడేమోనని నారియా చూసింది. నవ్వలేదు, కానీ మొహం కాస్త తేలికపడింది. కాలు అతుకుతుందనీ, వంకర మిగలొచ్చనీ డాక్టరు చెప్పాడట. తాను ఏం చేయగలనో అడగాలని ఆమె దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. తీరా నోరు తెరవబోతుంటే ముసలాయనే అడిగాడు.

"ఇలా గేర్లుండే బండ్లకి ఇంకా ఎన్నింటికి బిగించావు?"

"పదకొండింటికి."

"అన్నీ చూశావా?"

"నాలుగు చూశాను. అవి బాగానే ఉన్నాయి. మిగిలినవాళ్లకి ఫోన్లు చేశాను, వస్తామన్నారు."

"వస్తామన్నారా?" ముసలాయన మోచేతి మీద లేవబోయి, నొప్పికి పళ్లు కరుచుకుని మళ్లీ వాలాడు. "మా అల్లుడూ సోమవారం వస్తాననే అన్నాడు. బయట చలెంత?"

"యాభై."

"ఈ చలికి ఆ ఏడు ఇంజన్లూ రాత్రికి వాటంతటవే లేస్తాయి. నువ్విక్కడ కూర్చుని నా కాలు చూస్తావేంటి? ఆ సీసా అక్కడ పెట్టి నడువు."

నారియా సీసా బల్ల మీద పెట్టింది. మాంసం పొట్లం ఆయన చేతికందేలా జరిపి, తొడుగులు వేసుకుంటూనే వరండాలోకి నడిచి, మొదటి నంబరుకి ఫోను కలిపింది.

"బండెక్కడుందో చెప్పు," అంది. "నువ్వు రానక్కర్లేదు. నేనే వస్తున్నాను."